మాట నాది, మాఫీ ఆయనది

కోరుట్ల బడిలో తెలుగు పంతులుగా చేరిన కొత్తలో నాకు ఆయనతో పరిచయమైంది. వార్షికోత్సవానికి మైక్ సెట్ పెట్టడానికి వచ్చాడు. వైర్లు లాగి, బాక్సులు కట్టి, మైకు పనిచేస్తుందో లేదో చూడటానికి అందరిలా హలో హలో అనలేదు. మా హెడ్మాస్టర్ గొంతుతో "అందరూ వరుసగా నిలబడండి" అన్నాడు. కుర్చీలు మోస్తున్న అటెండర్ వాటిని అక్కడే వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. అసలు హెడ్మాస్టర్ గదిలోంచి బయటికొచ్చి సంగతి తెలుసుకుని నవ్వాడు. ఆ సాయంత్రం వ్యాఖ్యానం నాది. పిల్లల వేషాలు తెమలక ఆలస్యమైతే, ఆయనను స్టేజీ మీదికి పిలిచి కాసేపు జనాన్ని నవ్వించమన్నాను. అట్లా మేమిద్దరం జోడీ అయ్యాము.

ఊరంతా ఆయనను భాయ్ అనేది. నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. రిటైర్మెంటు ఫంక్షన్లకు, పెళ్లిరోజులకు, గణపతి పందిళ్లకు ఇద్దరినీ కలిపే పిలిచేవారు. నేను రాసేవాణ్ణి, ఆయన చెప్పేవాడు. మా ఐటెంలన్నింటిలో పేరు పడ్డది సాయిబు బర్రె. ఒక సాయిబు బర్రె లోనుకు బ్యాంకుకు పోతాడు. తెలుగులో ఆడ, మగ తేడా తెలియక తికమకపడి, "బర్రె సంతకం పెడ్తడు సార్, నేను పాలు ఇస్తది" అంటాడు. అక్కడికి వచ్చేసరికి జనం కుర్చీల్లోంచి జారిపోయేవారు.

భాయ్ ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు. బయట మాలాగే తెలుగు మాట్లాడతాడు. ఆ తప్పుల తెలుగు ఆయనది కాదు. నేనే నేర్పాను. బడి అయిపోయాక ఆయన షాపులో కూర్చుని, ఇక్కడ 'డు' అనాలి, ఇక్కడ 'ది' అనాలి అని ఒక్కో మాటా తిరగేసి పలికించేవాణ్ణి. పిల్లలకు పగలంతా ఒప్పులు చెప్పే తెలుగు పంతులును, సాయంత్రం ఆయనకు తప్పులు చెప్పేవాణ్ణి. వాళ్ల మసీదు పెద్దాయన ఒకరు షాపుకు వచ్చి, మన ఇజ్జత్ మనమే తీసుకుంటే ఎట్లా అని అడిగి పోయాడట. భాయ్ ఆయనకు చాయ్ తాగించి పంపాడు. నాకు చెప్పినప్పుడు, ఆయనకు హాస్యం తెలియదులే అన్నాను. ఆ పెద్దాయన మాట అంతటితో సరి. ఎవరూ ఎవరినీ మాఫీ అడగమనలేదు.

నేను సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల చప్పుడు మధ్య పెరిగాను. పంతులు ట్రైనింగుకు వేరే జిల్లాకు పోయినప్పుడు, నేను నోరు తెరిస్తే తోటివాళ్లు నవ్వేవారు. 'అచ్చిన, పోయిన' అని నా వెనకాల సాగదీసి పలికేవారు. చాలా రోజులు మెస్సులో కూర ఇంకొంచెం వేయమని అడగడానికి కూడా సిగ్గుపడ్డాను. అందుకే ఒక సినిమాలో దొంగకూ, తాగుబోతుకూ, పనిమనిషికీ మా యాసే పెట్టారని తెలిసినప్పుడు ఊరుకోలేదు. జగిత్యాలలో రాసేవాళ్లం కొంతమందిమి కలిసి చౌరస్తాలో ధర్నా చేశాము. మా యాస మీకు నవ్వులాటగా ఉందా, మా తల్లుల మాటను వెక్కిరిస్తారా అని గొంతు చించుకున్నాను. ఆ మైకు భాయ్‌దే. కోరుట్ల నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి పెట్టాడు. నేను దిగగానే నీళ్ల సీసా అందించి, మంచిగ మాట్లాడారని మెచ్చుకున్నాడు. కిరాయి సంగతి ఎత్తితే, "మన బాస కోసం సార్, కిరాయి ఏంది?" అన్నాడు.

ఆ వారంలోనే కోరుట్లలో ఒక ఫంక్షన్లో సాయిబు బర్రెను మళ్లీ ఆడించాము. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు. తట్టలేదంటే పూర్తిగా నిజం కాదేమో. ఒకసారి తట్టి ఉంటుంది. జనం నవ్వుతుంటే ఆ ఆలోచన ఎంతసేపు నిలుస్తుంది?

ఆయన బిడ్డ జగిత్యాలలో ఇంటర్ చదివేది. ఆ ఏడాది ఒక సాయంత్రం షాపులో వైరుకు టంకం పెడుతూ, తలెత్తకుండానే భాయ్ ఒక మాట చెప్పాడు. ఆ పిల్ల క్లాసులోకి రాగానే వెనక బెంచీల్లోంచి పోరగాళ్లు "పాలు ఇస్తది" అని అరుస్తున్నారట. ఆ మాట విని కొందరు ఆడపిల్లలు కూడా నవ్వుతున్నారట. రెండు రోజులు కడుపునొప్పి అని కాలేజీ మానేసి, మూడో రోజు తల్లికి చెప్పింది.

"బిడ్డ నన్ను అడుగుతున్నది సార్. నువ్వు ఇంట్ల గట్ల మాట్లాడవు, బజార్ల గట్ల మాట్లాడవు, స్టేజీ మీద ఎవ్వల లెక్క మాట్లాడుతున్నవ్ అబ్బా అంటున్నది. నేనేం చెప్పాలె?"

నాకు వెంటనే ఆ పిల్ల మొహం గుర్తుకు రావాల్సింది. కానీ నాకు మొదట వచ్చిన ఆలోచన, అంత బాగా పండే ఐటెం పోతే దాని జాగాలో ఏం పెట్టాలా అన్నది. ఆ ఆలోచనకు ఇప్పటికీ నాలో నేను తల దించుకుంటాను. భాయ్‌కి అది తెలియదు. సార్, ఇంకోటి రాయండి, దాన్ని బంద్ చేద్దామన్నాడు. సరే అన్నాను.

కొత్తది రాయడానికి నాకు ఎక్కువ వెతుకులాట అవసరం పడలేదు. మా మేనమామది ఇబ్రహీంపట్నం. గల్ఫ్ వీసా కోసం తిరిగి తిరిగి, చివరికి వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకున్నాడు. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతూ దేవుడితో బేరమాడిన సంగతి తనమీద తనే జోకులు వేసుకుంటూ మాకు చెప్పేవాడు. దానికి నేను కొంచెం మసాలా కలిపాను. భక్తుడి ఒక చేతిలో కోడె పగ్గం, ఇంకో చేతిలో ఫోను. "రాజన్నా, దుబాయ్ అయితే ఒక్క కోడె. కెనడా అయితే రెండు. రెండోది మా తమ్ముని పేరు మీద రాసుకో" అంటాడు. జవాబు రాకపోయేసరికి, "స్వామీ, సిగ్నల్ ఉన్నదా?" అని అడుగుతాడు. చివరికి కోడె తోసేస్తే కిందపడి, బేరమాడినందుకు లెంపలు వేసుకుని దండం పెడతాడు.

భాయ్ చదివి పగలబడి నవ్వాడు. తర్వాత కాగితం మడిచి, మెల్లగా, "దేవుని ముచ్చట సార్. నేను అంటే బాగుంటదా?" అని అడిగాడు.

"దేవున్ని ఏమంటున్నం భాయ్? మనిషి ఆశను అంటున్నం. ఇది మన ముచ్చట. ఎవ్వలేమంటరు?" అన్నాను.

ఆ 'మన'లో ఆయన ఉన్నాడనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

కోరుట్లలో ఒక పాత పదో తరగతి బ్యాచ్ వాళ్ల గెట్ టుగెదర్‌లో దాన్ని మొదటిసారి ఆడాము. ఫంక్షన్ హాలు నిండా జనం. భాయ్ స్టేజీ ఎక్కగానే వెనక నుంచి "బర్రె, బర్రె" అని కేకలు మొదలయ్యాయి. ఆయన నా వైపు చూశాడు. వద్దని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. మైకు నా చేతిలోనే ఉంది. నేను మాత్రం జనం ఊపు చూసి, "మీ అందరి కోరిక మీద" అని ప్రకటించాను. ఆయన బర్రె ఐటెం చేశాడు. ఆ వెంటనే కోడె ఐటెం చేశాడు. రెండింటికీ ఒకేలా నవ్వారు. ముందు వరుసలో ఊరి ఉత్సవ కమిటీ పెద్దాయన కూర్చున్నాడు. సిగ్నల్ మాట దగ్గర ఆయన కళ్లద్దాలు తీసి, దస్తీతో కళ్లు తుడుచుకోవడం నేను స్టేజీ మీంచి చూశాను.

ఎవరో ఫోనులో తీశారు. బర్రె ముక్క ఎవరికీ పంపలేదు. కోడె ముక్కలో కూడా చివరి లెంపలు, దండం లేవు. ఉత్త బేరం, సిగ్నల్ మాట. దాని మీద 'మన దేవుణ్ణి వెక్కిరిస్తున్న సాయిబు' అని రాసి గ్రూపుల్లో వదిలారు. నాకు అది మా టీచర్ల గ్రూపులోనే వచ్చింది. పంపినాయన ఆ రోజు నా పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవాడే. ఇప్పుడు కింద కోపంతో ఎర్రబడ్డ మొహాలు పెట్టాడు. మా ఇంటావిడ నా భుజం మీంచి చూసి, "ఇది మీ మామ ముచ్చటనే గదా" అంది.

మర్నాడు బడికి పోతుంటే భాయ్ షాపు ముందు జనం కనిపించారు. షట్టరు సగం దించి ఉంది. ఒక సౌండ్ బాక్సు మోరీ మురికినీళ్లలో పడి ఉంది. నేను బండి దిగలేదు. బడిలో ఫస్టు పీరియడు ఉంది అనుకుని ముందుకు పోయాను. క్లాసులో నిలబడ్డాక పాఠం ఎక్కడి దాకా అయిందో గుర్తుకు రాలేదు. పిల్లలే చెప్పారు.

సాయంత్రం కమ్యూనిటీ హాల్లో కూర్చుంటున్నారని తెలిసి పోయాను. కమిటీ పెద్దాయన, చుట్టూ పది పదిహేను మంది పోరగాళ్లు. భాయ్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఠాణా దాకా పోవడం ఎందుకు, ఇక్కడే తెంపేద్దామని మాట్లాడుకుంటున్నారు. నేను దారి పొడుగునా అనుకున్న మాటను లోపలికి పోగానే చెప్పేశాను. ఆ ఐటెం రాసింది నేను, అది మా మేనమామ కథ, ఆయన వద్దంటే కూడా చెయ్యమన్నది నేనే, అడిగితే నన్ను అడగండి అన్నాను. తిడతారనుకున్నాను. కొట్టినా కొడతారనుకున్నాను.

పెద్దాయన ఒక పోరణ్ణి లేపి కుర్చీ వేయించాడు.

"మీరు రాస్తే రాసిండ్రు సార్, దాంట్ల ఏమున్నది. మీరు మనోళ్లు. ఇంట్ల మనకు మనం వంద అనుకుంటం. గాయిన అనుడు వేరు. కూసోండ్రి."

"మొన్న మీరు కూడా నవ్విండ్రు గదా" అన్నాను. గట్టిగా అనలేదు.

ఆయన దాచలేదు. "నవ్విన. అప్పుడు ఏమనిపియ్యలే. ఇంటికి పోయినంక పోరగాళ్లు చెప్తే అనిపించింది" అన్నాడు. అందులో కపటం లేదు. ఆయన నిజంగానే అట్లా ఉన్నాడు. నేను ధర్నాలో అరిచిన రోజు నాలోనూ కపటం లేదు.

నేను కూర్చున్నాను. భాయ్ నిలబడే ఉన్నాడు. అప్పుడు ఎవరో, మాఫీ మాటలు పద్ధతిగా ఉండాలి, తెలుగు సార్ ఎట్లాగూ ఉన్నాడు, ఆయనే రాస్తాడు అన్నారు. కాగితం, పెన్ను నా ముందుకు వచ్చాయి. రాయనని అనలేదు. నేను రాస్తే కొంచెం మర్యాదగానైనా ఉంటుంది, వాళ్లు రాస్తే ఏమేమి పెడతారో అని నాకు నేను చెప్పుకున్నాను. నా మాటల వల్ల అందరి మనోభావాలు దెబ్బతిన్నాయి, ఇకముందు ఇట్లాంటి పొరపాటు చేయను అని రాశాను. 'నా మాటల వల్ల' అని రాసేటప్పుడు చెయ్యి ఆగింది. ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచింది. నేను కూడా పక్కన నిలబడి చదువుతానని గొంతు దాకా వచ్చింది. నా మొహంలో ఏం కనిపించిందో పెద్దాయన, "మీ పేరు ఎందుకు సార్ దీంట్ల?" అన్నాడు. ఆ మాటతో నా గుండె మీది నుంచి బరువు దిగింది. ఆ రోజు జరిగినవాటిలో నన్ను ఎక్కువ కాల్చేది అదే. నాకు హాయిగా అనిపించింది.

భాయ్ ఫోను ముందు నిలబడి చదివాడు. తల ఇంకొంచెం వంచమని మళ్లీ చదివించారు. ఒక్క అక్షరం తడబడలేదు. ఫోను పట్టుకున్న పోరగాడు ఆశ్చర్యంగా, "గింత మంచిగ తెలుగు అస్తది గదా భాయ్ నీకు" అన్నాడు. ఆయన కాగితం మడిచి నా చేతికి ఇచ్చాడు. నా మొహం చూడలేదు.

తర్వాత ఆయనను ఎవరూ ఏమీ చేయలేదు. పిలవడం మానేశారు, అంతే. పందిళ్లకు మెట్‌పల్లి నుంచి వేరే సెట్ తెప్పించుకున్నారు. ఆ తర్వాత పెళ్లిళ్లకు కూడా. నేను రెండు మూడుసార్లు షాపుకు పోయాను. మాట్లాడేవాడు, చాయ్ తెప్పించేవాడు. ఐటెంల ఊసు మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. ఒక ఎండాకాలం షాపు ఖాళీ చేసి, భార్య తరఫు వాళ్లుండే సిరిసిల్లకు మారిపోయాడు. నాకు చెప్పే పోయాడు. సామాను ఎక్కిస్తుంటే పోయి నిలబడ్డాను గానీ, ఏం మాట్లాడానో గుర్తులేదు. ఎండల గురించేమో.

నాకు జగిత్యాలకు బదిలీ అయింది. ఫంక్షన్లకు పిలవడం ఆగలేదు. ఒక సహోద్యోగి రిటైర్మెంటులో భోజనాలు ఆలస్యమయ్యాయి. ఏదైనా చెప్పండి సార్ అన్నారు. నేను ఏ ఉద్దేశమూ లేకుండా మా మేనమామ ముచ్చట మొదలుపెట్టాను. మధ్యలోకి వచ్చాక గానీ ఏం చెబుతున్నానో నాకు తెలియలేదు. అప్పటికే జనం నవ్వుతున్నారు. ఆపలేదు. దుబాయ్, కెనడా, తమ్ముని పేరు, సిగ్నల్, అన్నీ చెప్పాను. కోరుట్ల కమిటీ పెద్దాయన కూడా ఆ ఫంక్షన్‌కు వచ్చి ఉన్నాడు. దిగగానే నా చెయ్యి పట్టుకుని, కడుపు చెక్కలైందన్నాడు. గుర్తుపెట్టుకుని అన్నాడో, మరిచిపోయి అన్నాడో ఆయన కళ్లలో వెతికాను. నాకేమీ కనిపించలేదు. దాన్ని కూడా ఎవరో ఫోనులో తీసి గ్రూపుల్లో పెట్టారు. కింద అన్నీ నవ్వే మొహాలే. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు.

ఆ ఆదివారం సిరిసిల్ల బస్సెక్కాను. మా చెల్లెలి ఇంటికి అని ఇంట్లో చెప్పాను. వేములవాడ పోయే రోడ్డు మీద ఆయన షాపు దొరికింది. చిన్నది. ఫ్యాన్లు, మిక్సీలు, పాత యాంప్లిఫైయర్లు బాగుచేస్తున్నాడు. బిడ్డ లోపల స్టూలు మీద పుస్తకం పెట్టుకుని చదువుతోంది. డిగ్రీ చేస్తోందట. నన్ను చూసి లేచి, "అబ్బా, సార్ అచ్చిండు" అని తండ్రికి చెప్పి కుర్చీ తుడిచింది.

కుశలాలు అయ్యాక, జగిత్యాల సంగతి నేనే చెప్పాను. అదే ముచ్చట చెప్పాను, అందరూ నవ్వారు, నన్ను ఎవరూ ఏమీ అనలేదు అన్నాను.

"చూసిన సార్. నాకు కూడ అచ్చింది ఫోన్ల" అన్నాడు భాయ్. స్క్రూ బిగిస్తూనే ఉన్నాడు. "మంచిగ చెప్పిండ్రు. సిగ్నల్ అనే ముందట జర ఆగితే ఇంకా నవ్వుదురు."

ఎగతాళిగా అనలేదు. ఐటెం గురించి ఎప్పుడూ మాట్లాడుకున్నట్టే అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు నేను కూర్చోవాల్సింది కాదు, ఆ కాగితం రాయాల్సింది కాదు అని మొదలుపెట్టాను. ఇంతకాలం లోపల కట్టుకున్న వాక్యాలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివరికి మాఫీ అన్న మాట రాబోతుంటే, ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు.

"అడగకుండ్రి సార్. మీరు అడిగితే నేను ఇయ్యాలె. ఇయ్యకపోతే నేను చెడ్డోన్ని అయిత. నాకు ఇయ్యాల ఇయ్యబుద్ధి అయితలేదు. మీ మీద కోపం లేదు. గని ఇయ్యబుద్ధి అయితలేదు."

నేను సరేనన్నాను. చాయ్ వచ్చింది. తాగుతుండగా ఎవరో మిక్సీ తీసుకొచ్చారు. ఆయన అటు తిరిగి, ఏం చప్పుడు వస్తుందో వాళ్లను అడగసాగాడు. నేను గ్లాసు కింద పెట్టి, పోయొస్తానని చెప్పాను. చేయి ఎత్తాడు.

బస్సు ఆపడానికి బిడ్డ నాతో రోడ్డు దాకా వచ్చింది. వేములవాడ మీదుగా పోయే బస్సులన్నీ నిండుగా వస్తున్నాయి. ఒకటి రెండు ఆపలేదు. నిలబడ్డంతసేపు ఆ పిల్లతో ఏదైనా మాట్లాడాలని, చదువు ఎట్లా ఉందని అడిగాను. మంచిగనే ఉందంది. తర్వాత రోడ్డు వైపు చూస్తూనే చెప్పింది.

"అబ్బ ఇంట్ల కూడ ఎవ్వల గొంతు చేస్తలేడు సార్. మా చిన్నప్పుడు అన్నం తినకపోతే పిల్లి లెక్క, బస్సు కండక్టర్ లెక్క మాట్లాడి తినిపిస్తుండె. మా తమ్ముడు అడుగుతున్నడు. చేస్తలేడు."

అప్పుడే ఒక బస్సు ఆగింది. ఆ పిల్ల తలుపు దగ్గరి జనాన్ని జరగమని చెప్పి, నాకు దారి చేసింది.